కృత్రిమ జీనోమ్ ప్రయోగాలకు జీవభద్రత అనుమతి: ‘దాత జీవి’ గడిలో ఏం రాయాలి?

జీనోమ్‌ను, అంటే ఒక జీవిలోని మొత్తం జన్యుపదార్థాన్ని, ప్రయోగశాలలో కొత్తగా నిర్మించాలన్నా, ఉన్న జీనోమ్‌ను మార్చి రాయాలన్నా మన దేశంలో 1989 నాటి జన్యు ఇంజనీరింగ్ నిబంధనలు వర్తిస్తాయి. ‘ఇది యంత్రం మీద కూర్చిన డీఎన్‌ఏ, ఏ జీవి నుంచీ తీసింది కాదు, అనుమతి అక్కర లేదు’ అని కొత్త పరిశోధకులకు నచ్చజెప్పేవారున్నారు. దయచేసి ఆ మాట నమ్మకండి. సహజంగా ఆ జీవిలో ఉండని, దాని వెలుపల తయారైన జన్యుపదార్థాన్ని అందులో చేర్చడం ఆ నిబంధనల నిర్వచనంలోకే వస్తుంది.

దరఖాస్తు మొదట మీ సంస్థలోని జీవభద్రత కమిటీకి, అంటే ఐబీఎస్‌సీకి వెళుతుంది. ప్రమాదస్థాయి ఎక్కువైన ప్రయోగాలకు ఆ తర్వాత బయోటెక్నాలజీ విభాగంలోని జన్యుమార్పిడి సమీక్ష కమిటీ, అంటే ఆర్‌సీజీఎం, ఆమోదం కూడా కావాలి. సంస్థ, ప్రాజెక్టు, ప్రయోగశాల వివరాలు నింపడం పెద్ద పనేమీ కాదు.

చిక్కంతా చేర్చబోయే డీఎన్‌ఏ వివరాల దగ్గరే వస్తుంది. ‘దాత జీవి’ (చేర్చే డీఎన్‌ఏ ఏ జీవిదో ఆ జీవి) అన్న చోట చాలామంది ‘కృత్రిమం’ అని ఒక్క మాట రాసి వదిలేస్తారు, దానితో కమిటీ ప్రశ్నలు మొదలవుతాయి. అణువులను యంత్రం కూర్చినా ఆ అక్షరక్రమం ఏ జీవిదో, అందులో మీరు ఏ భాగాలను మార్చారో, తీసేశారో అక్కడ రాయాలి. ‘కొత్త జన్యువు ఏదీ లేదు’ అన్న వాక్యమూ సరిపోదు. 2019లో ఈ.కోలై జీనోమ్‌లో 18 వేలకు పైగా కోడాన్లను (ప్రోటీన్ తయారీకి సూచనలిచ్చే మూడక్షరాల డీఎన్‌ఏ పదాలను) అదే అర్థమిచ్చే వేరే కోడాన్లుగా మార్చి, 64కు బదులు 61 కోడాన్లతోనే బతికే బ్యాక్టీరియాను నిర్మించారు. దానికి మరికొన్ని మార్పులు చేశాక అది వైరస్‌లను తట్టుకోగలదని 2021లో తేలింది. ప్రోటీన్లు అవే ఉన్నా జీవి గుణం మారవచ్చు కనుక, మీ మార్పు వల్ల ఆతిథేయ జీవికి, అంటే డీఎన్‌ఏను చేర్చుకునే జీవికి, ఏ కొత్త శక్తి రావచ్చో విడిగా రాయండి.

పని తెలియని జన్యువుంటే తెలియదనే రాయండి, భయపడనక్కర లేదు. 2016లో 473 జన్యువులతో నిర్మించిన కనిష్ఠ జీనోమ్‌లో (బతకడానికి కావలసినంత మేరకే జన్యువులున్న జీనోమ్‌లో) 149 జన్యువుల పని, నిర్మించినవారికే స్పష్టంగా తెలియలేదు. కమిటీ అడిగేది ఆ తెలియనితనానికి తగిన జాగ్రత్తలు తీసుకున్నారా అని.

డబ్బు తీసుకుని పత్రాలు రాసిపెట్టే కన్సల్టెంట్లు ఈ భాగాన్ని పాత దరఖాస్తుల నుంచి ఎత్తి రాయడం నేను చూశాను. అందులో తప్పు దొర్లితే జవాబు చెప్పవలసింది ప్రధాన పరిశోధకుడే. అనుమతి రాకముందే డీఎన్‌ఏకు ఆర్డరు పెట్టవద్దు. ప్రశ్నలతో వెనక్కి వచ్చిన దరఖాస్తు తిరస్కరించినట్టు కాదు. అడిగిన వివరాలు చేర్చి మళ్లీ సమర్పించండి.