పొగ అలారం ఊరికే అరుస్తోందా? ముందు అది ఉన్న చోటు చూడండి

తిరగమాత వేసినప్పుడల్లా మోగుతోంది

తిరుపతిలో మా ఫ్లాట్‌లో మొదటి గొడవ ఇదే. ఎండుమిరపకాయలు నూనెలో పడితే చాలు, కేకలు. నాలుగో రోజు మా అత్త దాని సెల్ పీకి ఫ్రిజ్ మీద పెట్టేసింది. తప్పు ఆమెది కాదు, వంటింటి గుమ్మం పైనే బిగించిన నాది. పొయ్యికి, అలారానికి మధ్య కనీసం 10 అడుగులు ఉండాలి. కొనేటప్పుడు ఫోటోఎలక్ట్రిక్ రకం, అంటే వెలుతురుతో పొగను పసిగట్టేది, అడగండి. రెండోది, అయొనైజేషన్ రకం, వంటలో వచ్చే సన్నటి పొగకే ఉలిక్కిపడుతుంది. వంటింట్లోనే ఒకటి కావాలనుకుంటే, వేడికి మాత్రమే మోగే హీట్ డిటెక్టర్ పెట్టుకోండి.

శుక్రవారం సాంబ్రాణి వేస్తే మోగుతోంది

అది నిజం పొగే కదా, మిషన్‌ను ఏమంటాం! దేవుడి గదికి దూరంగా జరపండి.

స్నానాల వేళ మోగుతోంది

వేడినీళ్ల ఆవిరి. బాత్రూమ్ తలుపుకు 3 అడుగులైనా ఎడం ఉంచండి.

పొగ వచ్చినా మోగలేదు

అసలు భయపడాల్సింది దీనికే. ఫ్యాన్, ఏసీ గాలి పొగను అలారం దాకా రానివ్వకపోవచ్చు. ఫ్యాన్ రెక్క చివర నుంచి, ఏసీ గాలి వచ్చే చోటు నుంచి 3 అడుగులు వదలండి. పొగ పైకి లేస్తుంది కాబట్టి సీలింగే మేలు. గోడకైతే సీలింగ్ నుంచి 12 అంగుళాల లోపే బిగించాలి. హాల్లో ఒక్కటి పెట్టి ఊరుకోకండి. మన ఊరి మే నెలలో రాత్రంతా తలుపులు మూసి ఏసీ వేసుకుంటాం, హాల్లో మోగినా వినపడదు. పడకగది లోపల ఒకటి, బయట ఒకటి, మిద్దె ఇల్లయితే ప్రతి అంతస్తులోనూ. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

నిమిషానికోసారి టిక్కుమంటోంది

సెల్ అయిపోవస్తోంది. మార్చినా ఆగకపోతే వెనక ఉన్న తేదీ చూడండి. 10 ఏళ్లు దాటితే కొత్తది కొనాల్సిందే. లోపల దుమ్ము, చిన్న పురుగులు చేరినా ఉత్తపుణ్యానికి మోగుతుంది. మెత్తటి బ్రష్‌తో దులపండి, పురుగుల మందు మాత్రం కొట్టకండి.

గ్యాస్ లీకైనా మోగలేదు

అది దాని పని కాదు. సిలిండర్‌లో వచ్చే వంటగ్యాస్ గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. దానికి వేరే డిటెక్టర్ ఉంటుంది. దాన్ని వంటింట్లో నేల నుంచి అడుగు ఎత్తులోపు పెట్టాలి.