మిరుగు (మృగశిర కార్తె) రాకముందే కారు అలారం సంగతి చూసుకోండి

తొలి వానలు పడ్డాయో లేదో, హన్మకొండ, కాజీపేట కాలనీల్లో రాత్రిపూట ఎవరిదో ఒక కారు మొత్తుకోవడం మొదలవుతుంది. మొదటి రోజు వాడకట్టంతా లేచి చూస్తుంది. రెండో రోజు "అన్నా, నీ బండి అరుస్తుంది, జర సూడరాదే" అని ఫోన్లు వస్తాయి. ఆ తర్వాత ఎవరూ కిటికీ కూడా తీయరు. నిజంగా దొంగ వచ్చి అద్దం పగలగొట్టినా తీయరు. అలారం ఉండీ లేనట్టే.

"ఊరికెనే మోగుతుంది" అంటారు గానీ, అలారం తనంతట తాను మోగదు. బానెట్ తెరిచారని ఒక స్విచ్ చెప్పాలి, డోరు తీశారని ఇంకో స్విచ్ చెప్పాలి, బండి కదిలిందని షాక్ సెన్సర్ చెప్పాలి, లేదా బ్యాటరీ వోల్టేజి పడిపోవాలి. వీటిలో ఏదో ఒకటి తప్పుడు కబురు పంపుతోందన్నమాట. వానాకాలం వీటన్నిటి మీదా దెబ్బ కొడుతుంది కాబట్టి, రోహిణి కార్తె ఎండలు ఉండగానే ఒక పూట ఈ పనికి పెట్టుకోండి. తడిసిన తర్వాత వెతకడం కంటే పొడిగా ఉన్నప్పుడు వెతకడం చాలా సుళువు.

ముందు బ్యాటరీ. వానల్లో చెడిపోయిందనుకునే బ్యాటరీ చాలాసార్లు మే నెలలోనే సగం చచ్చి ఉంటుంది. రామగుండం, మంచిర్యాల వైపు ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఆ వేడికి లోపలి ప్లేట్లు త్వరగా అరిగిపోతాయి. మన దగ్గర మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీని నమ్మకపోవడమే మంచిది. పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 కంటే తగ్గితే ఛార్జింగ్‌కు పెట్టాల్సిందే. 12 దగ్గరికి వచ్చిందంటే తెల్లవారుజామున అలారం మోగడానికి కారణం అదే కావచ్చు. రాత్రంతా కొద్దికొద్దిగా దిగిన వోల్టేజిని కొన్ని అలారాలు ఎవరో బ్యాటరీ వైరు పీకుతున్నట్టు లెక్కగడతాయి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి, లేకపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ సంగతి కూడా చూపించుకోవాలి. మీటర్ లేకపోతే ఏ బ్యాటరీ షాపులోనైనా నిమిషంలో చూసి చెబుతారు.

టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే గోరువెచ్చని నీళ్లలో తినే సోడా కలిపి పాత బ్రష్షుతో తోమండి, బాగా ఆరనిచ్చి వాసెలిన్ రాయండి. వైరు తీసేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. కొన్ని కార్ల సైరన్‌లో సొంతంగా ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. దానికి ఇది దొంగపనిలా కనిపించి గుక్కతిప్పుకోకుండా అరుస్తుంది. మాన్యువల్ చూసి, రిమోట్‌తో బండి అన్‌లాక్ చేసిన తర్వాతే వైరు మీద చెయ్యి వేయండి. పాత బండ్లలో ఆ లోపలి బ్యాటరీ చచ్చిపోయి, దానివల్లే అలారం మోగడమూ ఉంది. పెద్ద బ్యాటరీ కొత్తది వేసినా గోల తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌కు ఈ మాట గుర్తుచేయండి.

బానెట్ స్విచ్ దగ్గర కాసేపు ఆగాలి. వానాకాలపు తప్పుడు అలారాల్లో దీని పాత్ర చాలా పెద్దది, అయినా ఎక్కువమంది అసలు చూడరు. కంపెనీ అమర్చిన అలారమైతే స్విచ్ బానెట్ లాక్‌లోనే కలిసి ఉంటుంది. బయట షాపులో వేయించినదైతే ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) అంచున రబ్బరు టోపీ పెట్టుకున్న చిన్న పిన్నులా కనిపిస్తుంది. బానెట్ మూస్తే ఆ పిన్ను లోపలికి నొక్కుకోవాలి. ముందు గ్రిల్ సందుల్లోంచి దుమ్ము, నీళ్లు నేరుగా దాని మీద పడతాయి. మనకేమో ఎండాకాలమంతా గ్రానైట్ లారీల దుమ్ము, పొలాల దారుల ఎర్రమట్టి. దాని మీద తొలి వాన పడితే పిన్ను చుట్టూ బురద గట్టిపడుతుంది, స్ప్రింగుకు తుప్పు పడుతుంది. మూసిన బానెట్‌ను తెరిచినట్టు చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

పరీక్ష సులువే. అద్దాలన్నీ ఎక్కించి, రిమోట్‌తో లాక్ చేసి, అలారం ఆన్ అయ్యేదాకా ఒక నిమిషం ఆగండి. బానెట్ ముందు అంచు మీద అరచేత్తో మెల్లగా నొక్కి వదలండి. కొట్టొద్దు, కొడితే షాక్ సెన్సర్ మోగి లెక్క తప్పుతుంది. నొక్కి వదిలినప్పుడల్లా మోగితే దొంగ దొరికినట్టే. పిన్నుకు, లాక్‌కు కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, పొడి గుడ్డతో తుడిచి, పదిసార్లు నొక్కి వదలండి. డాష్‌బోర్డు మీద బానెట్ గుర్తు వచ్చే బండి అయితే అది వెలిగి ఆరడం చూస్తే సరిపోతుంది. యాక్సిడెంట్ తర్వాత డెంటింగ్ చేయించిన బండ్లలో ఇంకో చిక్కు ఉంది. బానెట్ ఒక నూలు ఎత్తుగా కూర్చుని పిన్ను పూర్తిగా నొక్కుకోదు. అలాంటప్పుడు బానెట్ ఆనే రబ్బరు బుష్‌లు సరిచేయాలి. స్విచ్ మార్చినా ప్రయోజనం ఉండదు.

డోర్లకు, డిక్కీకి ఇదే తర్కం. డోరు మూశాక లోపలి లైటు ఆరకుండా ఉంటే, లేదా కదుపుతుంటే వెలిగి ఆరుతుంటే, ఆ డోరు లాక్‌లోని స్విచ్‌ను అనుమానించండి.

ఎలుకలు మరో బాధ. వాన పడగానే బొరియల్లోకి నీళ్లు చేరి, వెచ్చగా పొడిగా ఉండే ఇంజిన్ చుట్టూ కాపురం పెడతాయి. వడ్ల బస్తాలు, కోళ్ల దాణా, చెత్తకుప్ప దగ్గర బండి ఆపే వాళ్లకు ఈ బెడద ఎక్కువ. సగం కొరికిన వైరు పొడిగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, తడిసినప్పుడు షార్ట్ అవుతుంది. అందుకే వాన రాత్రులే అలారం మోగుతుంది, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే వేళకు ఆరిపోయి ఏమీ తెలియనట్టు ఉంటుంది. వారానికోసారి బానెట్ ఎత్తి చూడండి. గుడ్డపీలికలు, ఆకులు, నల్లటి పెంటికలు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. పొగాకు కాడలు పెట్టండి అనే సలహా అందరూ ఇస్తారు. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఆ చోటు నుంచి బండిని తీసి వేరేచోట ఆపడం, చుట్టూ తిండి లేకుండా చూడడమే నిలబడే మందు. ఇంజిన్ కింద ఎలుకల మందు బిళ్లలు పెట్టడం మాత్రం వద్దు, పిల్లలు, కుక్కలు తిరిగే చోటు.

ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర జాలీలో వేపాకు, కానుగాకు చేరి నీళ్లు దిగే దారి మూసుకుపోతుంది. ఆగిన నీళ్లు ఫ్యూజు డబ్బా వైపో, డాష్‌బోర్డు కిందికో పాకుతాయి. ఆకులు ఏరేసి ఒక మగ్గు నీళ్లు పోసి కింద నుంచి కారుతున్నాయా అని చూడండి. కాళ్ల దగ్గరి మ్యాటు ఎత్తి తడి ఉందేమో తాకి చూడండి. వానకు ముందు శుభ్రం చేయిద్దామని ప్రెషర్ పంపుతో ఇంజిన్ కడిగించుకోవడం మాత్రం మానుకోండి. కనెక్టర్లలోకి నీళ్లు మీరే దూర్చినట్టు.

రిమోట్ బలహీనమైతే దగ్గరికి పోతే గానీ పని చేయదు. అప్పుడు మనం తాళంచెవితో డోరు తీస్తాం, రిమోట్‌తో లాక్ చేసిన బండి కాబట్టి చాలా మోడళ్లలో సైరన్ అందుకుంటుంది. ఎక్కువ రిమోట్లలో 2032 నంబరు 3 వోల్టుల సెల్లు ఉంటుంది, ఒకటి కొని బండిలో కాదు, ఇంట్లో ఉంచుకోండి. జేబులో నొక్కుకుపోయే ప్యానిక్ బటన్ కూడా కొన్ని 'మాయ' అలారాలకు మూలం.

ఇక షాక్ సెన్సర్. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల దగ్గర ఉండే వాళ్లకు బ్లాస్టింగ్ వేళ కిటికీలు అదరడం తెలుసు. కాజీపేటలో పట్టాల పక్కన, ఎనుమాముల మార్కెట్ దారిలో లారీలు తిరిగేచోట, వినాయక నిమజ్జనం డీజేల ముందు కూడా అంతే. బయట వేయించిన అలారాల్లో ఈ సెన్సర్ డాష్‌బోర్డు కింద చిన్న పెట్టెలా ఉంటుంది. చిన్న స్క్రూ తిప్పి తీవ్రత తగ్గించుకోవచ్చు. అరచేత్తో అద్దం మీద గట్టిగా తట్టితే మోగాలి, లారీ పోతే మోగకూడదు, ఆ మధ్యలో పెట్టుకోండి. గాలికి టపటపలాడే కవరు కూడా ఈ సెన్సర్‌ను లేపుతుంది, తాడు బిగించి కట్టండి. లోపలి కదలికను పసిగట్టే సెన్సర్ ఉన్న బండ్లలో అద్దం సందు వదిలినా, వేలాడే బొమ్మ ఊగినా, బల్లి పాకినా మోగవచ్చు.

మోగిన ప్రతిసారి కాగితం మీద రాయండి: ఎన్ని గంటలకు, వాన ఉందా, లాక్ చేసిన ఎంతసేపటికి, ఎక్కడ ఆపారు. లాక్ చేసిన నిమిషంలోపే అయితే స్విచ్‌ల వైపు చూడండి. తెల్లవారుజామున అయితే బ్యాటరీ. లారీ పోయినప్పుడే అయితే సెన్సర్. ఈ నాలుగు ముక్కలు చెబితే మెకానిక్‌కు గంటల పని నిమిషాల్లో తేలుతుంది, మీకు ఖర్చు తగ్గుతుంది. కొన్ని బండ్లు అన్‌లాక్ చేసినప్పుడు ఇండికేటర్లు ఎన్నిసార్లు వెలిగాయో దాన్ని బట్టి కారణం చెబుతాయి, మాన్యువల్‌లో ఆ పేజీ వెతకండి.

అర్ధరాత్రి మోగితే ముందు రిమోట్‌తో అన్‌లాక్ చేసి ఇగ్నిషన్ ఆన్ చేయండి, చాలా బండ్లు అక్కడే ఊరుకుంటాయి. కోపంతో సైరన్ వైరు కోసేయడం, ఏ ఫ్యూజు పడితే అది లాగేయడం చేయొద్దు. అదే ఫ్యూజు మీద ఇండికేటర్లు, సెంట్రల్ లాక్ ఉండవచ్చు, కోసిన వైరు వారంటీకీ అడ్డం వస్తుంది. రిపేరు అయ్యేదాకా తప్పదనుకుంటే బండిని తాళంచెవితో లాక్ చేసి చూడండి, చాలా మోడళ్లలో అలా చేస్తే అలారం ఆన్ కాదు. చుట్టుపక్కల వాళ్ల నిద్ర కూడా చిన్న విషయం కాదు: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్, సైరన్ మోతేమో 100కు పైనే.

లోతట్టు కాలనీల వాళ్లకు ఇంకో మాట. 2023 జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన కురిసింది, ఆ రోజుల్లోనే వరంగల్ హంటర్ రోడ్డు చుట్టుపక్కల కాలనీలు నీళ్లలో ఉన్నాయి. అలాంటి హెచ్చరిక వచ్చిన సాయంత్రమే బండిని ఎత్తైన చోటికి తోలండి. చేయలేకపోతే, మునిగిన బండి దానంతట అదే మొత్తుకోవచ్చు, దాన్ని ఆపడానికి చీకట్లో నీళ్లలోకి దిగొద్దు. మ్యాన్‌హోల్ మూత ఎక్కడ లేచిందో, కరెంటు వైరు ఎక్కడ తెగిందో కనిపించదు. నీళ్లు తీశాక స్టార్ట్ చేసి చూద్దామనే ఆశా వద్దు. మైనస్ వైరు తీసి, టో చేయించి షాపుకు పంపండి. ఎలక్ట్రిక్ బండి అయితే వైర్లు మీరు ముట్టొద్దు, కంపెనీ సర్వీసు వాళ్లనే పిలవండి.