బీరువా పాఠాలు – 2: పోగు లాగి చూద్దాం

పోయిన పాఠంలో బీరువా మొత్తం మంచం మీద కుమ్మరించి, ఏడాదిగా ఒంటి మీదికి రాని బట్టల్ని ఒక పక్కన పెట్టమన్నాను. ఆ కుప్పను అలాగే ఉంచండి, ఇవాళ దాంతో పనుంది. ఏ బట్టలు కొంటే భూమికి మేలు అనే సంగతి చివరి పాఠాల్లో చూద్దాం. ముందు మనింట్లో ఉన్నవి దేంతో చేసినవో తెలియాలి. షాపులో "ప్యూర్ కాటన్ మేడమ్" అన్నారు, మనం నమ్మి తెచ్చుకున్నాం. చాలా బట్టల గురించి మనకు తెలిసింది ఆ ఒక్క మాటే.

కొవ్వొత్తి, కనుబొమ్మల ప్లక్కర్, స్టీలు పళ్లెంలో కాసిని నీళ్లు సిద్ధం చేసుకోండి. ఫ్యాన్ ఆపండి, కొంగో చున్నీయో నడుముకు దోపుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

పోగు ఎక్కడ లాగాలి? కుట్టిన బట్టకైతే లోపలి కుట్ల దగ్గర మిగులు గుడ్డ ఉంటుంది. చీరకైతే జాకెట్టు ముక్క కోసిన చోట లాగొచ్చు. నిలువు దారం (పడుగు) ఒకటి, అడ్డ దారం (పేక) ఒకటి, రెండూ తీయాలి. ఇది మాత్రం మానొద్దు. పడుగు పాలిస్టర్, పేక నూలు అయిన బట్టలు ఎన్నో ఉన్నాయి, ఒక్క దారం చూసి తీర్పు చెబితే తప్పుతుంది. గద్వాల చీరకైతే ఇంకో జాగ్రత్త కావాలి. అందులో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు కాబట్టి వేటికవి విడిగా చూడాలి.

పోగు కొసను మంటకు మెల్లగా చూపించండి. నూలైతే గబుక్కున అంటుకుంటుంది, కాగితం కాలిన వాసన వస్తుంది, మంట ఆరాక కూడా కొసన నిప్పు పాకుతూ ఉంటుంది. మిగిలేది ముట్టుకుంటే రాలిపోయే బూడిద. పట్టుకి వెంట్రుక కాలిన కంపు వస్తుంది, మంట తీయగానే దాదాపు ఆరిపోతుంది, నల్లటి ఉండ మిగిలినా వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. పాలిస్టర్ మంటకు ముందే ముడుచుకుని కరుగుతుంది. చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది, ఎంత నలిపినా నలగదు. వేడిగా ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోకండి, చర్మానికి అతుక్కుంటుంది. కాగితం వాసన వచ్చి, చివర పూస కూడా మిగిలితే మిక్సింగ్ బట్ట అన్నమాట.

ఇక్కడో చిక్కుంది. రేయాన్ (విస్కోస్ అన్నా అదే) కూడా అచ్చం నూలులాగే కాలుతుంది. వాసన కూడా ఒకటే. ఈ మధ్య కుర్తీలు ఎక్కువగా ఈ గుడ్డతోనే వస్తున్నాయి కాబట్టి దీన్ని పట్టుకోవడం నేర్చుకోవాలి. చెట్ల గుజ్జుతో చేస్తారు కాబట్టి ప్రకృతి సిద్ధం అని అమ్ముతారు. ఆ గుజ్జును దారంగా మార్చడానికి వాడే కార్బన్ డైసల్ఫైడ్ అక్కడ పనిచేసేవాళ్ల నరాల్ని దెబ్బతీసే రసాయనమని మాత్రం చెప్పరు. కనిపెట్టడం తేలిక. పోగు మధ్యలో వేలితో తడి అద్ది రెండు కొసలూ పట్టి లాగండి. రేయాన్ తడిస్తే బలం పోయి, తడిసిన చోటే పుటుక్కున తెగుతుంది. నూలు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది.

దారం సంగతి తేలింది, నేత సంగతి చూద్దాం. అంచు దగ్గర పేక దారం తెగి కుచ్చులా ఉంటే అది నాడె (పేక దారాన్ని అటూ ఇటూ మోసే షటిల్) లేని యంత్రం మీద నేసింది, చేనేత కాదు. అంచు దాకా వెళ్లి వెనక్కి తిరిగిందంటే నాడె ఉన్న మగ్గం. అంతమాత్రాన చేనేతే అనుకోకండి, సిరిసిల్లలో కరెంటుతో నడిచే మరమగ్గాల్లోనూ నాడె ఉంటుంది. అంచు పొడుగునా సూది రంధ్రాలు కనిపిస్తే చేనేత ఖాయం అంటుంటారు. బట్ట ముడుచుకోకుండా సాగదీసి పట్టే ముళ్ల గుర్తులవి. మరమగ్గానికీ అలాంటి ముళ్లే ఉంటాయి, కాబట్టి ఆ ఒక్క గుర్తూ చాలదు.

నమ్మదగిన సాక్ష్యం బట్ట వెనక వైపే దొరుకుతుంది. పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్‌లో నేతకు ముందే దారానికి రంగులద్దుతారు. అందుకే రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. అదే డిజైన్ ప్రింటు వేసిన గుడ్డలోంచి ఒక పోగు లాగి గోటి మీద పెట్టుకుని చూడండి. పక్క దారం కింద దాక్కున్న చోటల్లా రంగంటక తెల్ల మచ్చలుంటాయి. ఉప్పాడ జాందానీకి (నేసేటప్పుడే బుటాలను చేత్తో వేసే చీర) బుటా వెనక కూడా దాదాపు ముందులాగే ఉంటుంది. యంత్రం మీద నేసిన నకలుకైతే బుటా నుంచి బుటాకి సాగిన దారాలో, వాటిని కత్తిరించిన కుచ్చులో కనిపిస్తాయి.

మరమగ్గం బట్ట పాపమేమీ కాదు. సిరిసిల్లలో దాని మీద బతికే కుటుంబాలెన్నో. మరమగ్గం చీరను చేనేత ధరకి అంటగట్టడమే మోసం. 1985 నాటి చట్టం కొన్ని రకాల చీరలు, పంచెలు, లుంగీల వంటివాటిని చేనేతకే కేటాయించినా ఆ మోసం ఆగలేదు. షాపులో పోగు కాల్చనివ్వరు కాబట్టి లేబుళ్లు చూడండి. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ చేత్తో నేసిందని చెబుతుంది. సిల్క్ మార్క్ పట్టు అసలైనదని చెబుతుందే తప్ప, నేసింది చెయ్యా యంత్రమా అన్నది దానికి పట్టదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడే సేల్స్‌మెన్ చాలామంది.

పరీక్షలో సగం బీరువా పాలిస్టరేనని తేలితే టెన్షన్ పడకండి. పారేసి నూలువి కొనడం అన్నిటికన్నా చెడ్డ పని, పారేసిన పాలిస్టర్ మట్టిలో కలవదు. చిరిగేదాకా కట్టండి. ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ నూగు నీళ్లలోకి పోతుంది కాబట్టి, మరకలు లేకపోతే ఒకసారి కట్టగానే మెషిన్‌లో వేయకుండా గాలికి ఆరేసి మళ్లీ కట్టుకోండి.

వచ్చే వారానికి హోంవర్క్: పక్కన పెట్టిన కుప్పలోంచి ఐదు బట్టలు తీసి పడుగు, పేక, నేత ఏమిటో చీటీ మీద రాసి సేఫ్టీపిన్నుతో గుచ్చండి. చిన్న చిరుగులున్నవి విడిగా పెట్టండి, తర్వాతి పాఠం రఫ్ఫు, అంటే చిరుగును దారంతో నేసినట్టు పూడ్చడం. అందుకు సన్నటి సూది చాలు, దారం కొనకండి. ఆ బట్ట లోపలి మిగులు గుడ్డలోంచే నాలుగు పొడుగాటి పోగులు లాగి అట్టముక్కకి చుట్టి పెట్టుకోండి.