జీబ్రా చేపలకి ఎంత తొట్టి కావాలి? టేపు పెట్టి కొలిచి చెబుతున్నాను

నేను విజయవాడలో బట్టలు కుడతాను. రోజంతా మెడలో టేపు ఉంటుంది. అయినా మొదటిసారి చేపల తొట్టి కొన్నప్పుడు కొలవాలని తట్టలేదు. మా పాప పుట్టినరోజుకి అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టి, అందులోకి ఐదు జీబ్రా డానియోలు తెచ్చాం. "చిన్న చేపలేగా అక్కా, ఇందులో హాయిగా తిరుగుతాయి" అన్నాడు కొట్టతను.

హాయిగా లేవు. తొట్టి నా మిషన్ పక్కనే ఉండేది కాబట్టి రోజూ చూస్తూనే ఉన్నాను. జీబ్రా ఒక్క ఊపు ఊపితే అడుగు దూరం దాటేస్తుంది. దాటగానే అద్దం. వెనక్కి తిరుగుతుంది, మళ్లీ అద్దం. వాటిలో లావుపాటి ఆడచేప ఒకటి మిగతావాటిని తరుముతూ ఉండేది. తప్పించుకుందామంటే వాటికి చోటేదీ? అన్నిటికన్నా చిన్నది ఫిల్టర్ గొట్టం వెనక్కి దూరి, రెక్కలు ముడుచుకుని అక్కడే ఉండిపోయేది. మేత వేసినా బయటికి రాలేదు. తోక అంచు పీలికలు పీలికలైంది. మూడు వారాల్లో రెండు పోయాయి. పాప రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

తొట్టి చూసి చేపలు లెక్కపెట్టకండి. ముందు గుంపు ఎంతో అనుకుని, దానికి తగ్గ తొట్టి వెతకండి. జీబ్రా, నియాన్ టెట్రా, చెర్రీ బార్బ్ లాంటివి గుంపుగా బతికే చేపలు. తొట్టి చిన్నదని రెండో మూడో వేస్తే బెదురుతాయి, లేదా ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. కనీసం ఆరు ఉండాలి. నన్నడిగితే ఎనిమిది, పది. గుంపు పెద్దదైతే తరిమే చేప ఒక్కదాని మీదే పడదు, ఆ కోపం అందరి మీదా పంచుకుపోతుంది. జీబ్రాలు కొట్లో అంగుళం ఉంటాయి, ఎదిగాక అంగుళంన్నర దాటుతాయి. ఎదిగిన సైజుకే లెక్క వేసుకోండి, పిల్లలకి గౌను కుట్టించేటప్పుడు లోపల మడతకి అదనపు గుడ్డ ఉంచుకున్నట్టు.

ఇక కొలత. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ అంగుళాల్లో కొలిచి గుణించండి. వచ్చినదాన్ని 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి. నేను మొదట కొన్నది 12×12×12, అంటే 28 లీటర్లు. రెండడుగుల తొట్టి 24×12×12, అంటే సుమారు 57 లీటర్లు. అయితే అన్ని నీళ్లూ పట్టవు. అడుగున అంగుళంన్నర గులకరాళ్లు, పైన అంగుళంన్నర ఖాళీ తీసేస్తే నిలిచే నీళ్లు 43 లీటర్ల దగ్గర ఉంటాయి. చేపలు బతికేది ఆ నీళ్లలోనే.

లీటర్లొక్కటే చూసినా మోసపోతాం. ఇప్పుడు కొట్లలో సన్నగా, పొడుగ్గా నిలబడే తొట్లు అమ్ముతున్నారు. హాల్లో మూలన పెడితే అందంగానే ఉంటాయి. అడుగుభాగం 12×12 అంగుళాలే ఉండి 24 అంగుళాల ఎత్తున్న తొట్టిలో కూడా అవే 57 లీటర్లు పడతాయి. కానీ జీబ్రా పైకీ కిందికీ తిరిగే చేప కాదు, అడ్డంగా పరిగెత్తే చేప. దానికి దొరికే పరుగు మళ్లీ అడుగే. పైగా గాలి నీళ్లలో కలిసేది పైభాగంలోనే. పడుకోబెట్టిన తొట్టికి ఆ పైభాగం 288 చదరపు అంగుళాలు, నిలబెట్టిన దానికి సరిగ్గా సగం, 144. గుడ్డ కొనేటప్పుడు మీటర్లతో పాటు పన్నా కూడా అడుగుతాం కదా, ఇదీ అంతే.

గ్యాలన్ నీళ్లకి, అంటే 3.8 లీటర్లకి, అంగుళం చేప అని ఒక పాత లెక్క చెబుతుంటారు. ఆ లెక్కన నా మొదటి తొట్టిలో నాలుగైదు జీబ్రాలు పట్టాలి. పట్టాయి కూడా, కానీ రెండు బతకలేదు. చేప ఎంత దూరం ఈదుతుందో, ఎన్నిటితో కలిసి ఉంటుందో ఆ లెక్కకి తెలియదు.

కాబట్టి జీబ్రాలు ఎనిమిది, పది కావాలంటే రెండడుగుల పొడవుకి తగ్గొద్దు. చెర్రీ బార్బ్‌కీ అంతే. నియాన్ టెట్రాలు నెమ్మదస్తులు, అడుగున్నర తొట్టిలో ఎనిమిది సర్దుకుంటాయి. కాకపోతే మరీ వేడి నీళ్లు వాటికి పడవు, మా ఊరి మే నెల వాటికి కష్టం. టైగర్ బార్బ్, రోజీ బార్బ్ కావాలంటే మూడడుగులు చూడండి.

ఎండాకాలం సంగతి విడిగా చెప్పాలి. తక్కువ నీళ్లు త్వరగా వేడెక్కుతాయి. మధ్యాహ్నం కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే వేడి నీళ్లలో గాలి ఇంకా తగ్గుతుంది. మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. నీళ్లు సగమైతే అదే అమ్మోనియా రెట్టింపు ఘాటుగా ఉంటుంది. పెద్ద తొట్టి అయితే పొరపాటు సరిదిద్దుకునేందుకు మనకి కాస్త టైమ్ ఇస్తుంది. చిన్న తొట్టి చూసుకోవడం తేలికని అందరూ అంటారు. నాకు తెలిసి కొత్తవాళ్లకి అదే కష్టం.

కొనేముందు పెట్టే చోటు కూడా కొలవండి. లీటరు నీళ్లు కిలో బరువు. గాజు, రాళ్లు కలుపుకుంటే రెండడుగుల తొట్టి 70 కిలోల దాకా తూగుతుంది. టీవీ స్టాండు, ప్లాస్టిక్ బల్ల పనికిరావు. నేను రెండడుగుల తొట్టి కొని, దానికి ఇనప స్టాండు వెల్డింగ్ చేయించి, మీద ప్లైవుడ్, దాని మీద థర్మకోల్ షీటు వేశాను. మిషన్ అదురు తగలకుండా ఎదుటి గోడకి, కిటికీ ఎండ పడని చోట పెట్టాను. తర్వాత నెల పైన చేపలు లేకుండా, చిటికెడు మేత మాత్రం వేస్తూ, ఫిల్టర్ నడిపాను. నీళ్లు కుదురుకున్నాయని, అంటే అమ్మోనియా మిగలడం లేదని, టెస్ట్ కిట్‌తో చూశాకే ముందు పాత తొట్టిలో మిగిలిన మూడింటినీ, వారం ఆగి కొత్తవి ఏడింటినీ వదిలాను.

గొట్టం వెనక దాక్కున్న ఆ చిన్నది నాలుగో రోజుకి గుంపులో కలిసింది. పొద్దున్నే లైటు వేయగానే పదీ వరసకట్టి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క పరుగు తీస్తాయి. తోక అంచు మళ్లీ పెరిగింది. వరసలో అది ఏదో ఇప్పుడు పాప కూడా గుర్తుపట్టలేదు.

మూత మాత్రం మర్చిపోకండి. జీబ్రాలు గెంతుతాయి. గొట్టం కోసం మూల కోసిన మూతైతే, ఆ సందులో స్పాంజి ముక్క కుక్కండి.