పాత కంప్యూటర్‌కు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలి? ముందు దాని ఇబ్బందేమిటో చూడండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లు నన్ను అడుగుతున్నది ఒకటే: "పాత కంప్యూటర్ ఉంది, ఇప్పుడు దానిలో ఏది వేసుకోవాలి?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "అసలు దానికి వచ్చిన ఇబ్బంది ఏమిటి?" నెమ్మదిగా ఉందా? మధ్యలో ఆగిపోతోందా? బాగానే పనిచేస్తోంది గానీ అప్‌డేట్లు రావడం లేదా? ఇవి మూడూ వేర్వేరు సమస్యలు. వీటిలో ఆపరేటింగ్ సిస్టమ్ మారిస్తే తీరేది మూడోది మాత్రమే. మిగతా రెండింటికి మూలం చాలాసార్లు లోపలి భాగాల్లో ఉంటుంది.

ఏ పని మొదలుపెట్టినా ముందు మీ ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేయండి. కాపీ అయిందని వదిలేయకుండా ఆ డిస్కును ఇంకో కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు ఫొటోలు, పత్రాలు తెరిచి చూడండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను చాలామంది మర్చిపోతారు. వాటినీ తీసి పెట్టుకోండి.

సమస్య: ఆన్ చేసిన పది నిమిషాలకు గానీ పనికి రాదు

టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ప్రాసెసర్ వాడకం పది శాతం దగ్గరే ఉండి, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర నిలిచిపోయిందంటే, కంప్యూటర్ కాలమంతా ఆ డిస్కు కోసం ఎదురుచూడడంలోనే గడిచిపోతోందని అర్థం. లోపల ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్ అయితే, ఎంత తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా ఈ ఇబ్బంది తగ్గుతుందే తప్ప పోదు.

మా పెద్దమ్మ ల్యాప్‌టాప్ ఇలాగే ఉండేది. "ఇది ఇక పనికిరాదేమో, పారేయమంటావా నాయనా?" అని అడిగింది. మూత తెరిచి కాసేపు చెవి పెట్టి విన్నాను. ఉండి ఉండి లోపల సన్నగా టక్, టక్ అని శబ్దం. ఆ శబ్దం వినిపిస్తే ఇంక ఏ ప్రయోగమూ చేయకూడదు, ముందు ఫైళ్లు బయటికి తీయాలి. పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపించి, ఆమె ఫొటోలన్నీ బయటి డిస్కులోకి దించాను. తర్వాత మింట్‌లోనే ఉండే 'డిస్క్స్' అనే ప్రోగ్రాంలో స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు చూస్తే, పాడైపోగా పక్కకు మళ్లించిన సెక్టార్లు (డిస్కులోని చిన్న చిన్న గదులు) వందల్లో ఉన్నాయి. ఆ అంకె సున్నా ఉండాలి. ఒకటో రెండో ఉండి అక్కడే ఆగితే కొంతకాలం గమనించవచ్చు. రోజురోజుకూ పెరుగుతుంటే ఆ డిస్కు మీద ఆశ వదులుకోవాలి.

అడుగున నాలుగు మరలు విప్పి పాత డిస్కు తీసి, అదే చోట రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) పెట్టాను. అదే ప్రాసెసర్, అదే 4 జీబీ ర్యామ్. ఇప్పుడు నిమిషం లోపే తెర సిద్ధమవుతోంది. పాత కంప్యూటర్‌కు చేయగలిగిన మేలు ఒక్కటే చెప్పమంటే నేను ఎస్‌ఎస్‌డీ పేరే చెబుతాను, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ పేరూ చెప్పను.

సమస్య: కాసేపు బాగానే నడిచి, వేడెక్కి నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది

ఫ్యాను దారిలో దుమ్ము పేరుకుని ఉంటుంది, ప్రాసెసర్ వేడిని బయటికి పంపేందుకు దాని మీద పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. వేడి హద్దు దాటగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. శుభ్రం చేసి, పేస్ట్ మార్చండి. ఆ తర్వాతా ఆగిపోతుంటే మెమ్‌టెస్ట్86 ప్లస్‌తో ర్యామ్‌ను ఒక రాత్రంతా పరీక్షించండి. ఒక్క తప్పు కనిపించినా ఆ ర్యామ్ మార్చాల్సిందే.

సమస్య: కంప్యూటర్ బాగుంది, విండోస్ 11 మాత్రం ఎక్కనంటోంది

విండోస్ 11కు టీపీఎం 2.0 (రహస్య తాళాలను భద్రంగా దాచే ఏర్పాటు), సెక్యూర్ బూట్ (నమ్మదగని సిస్టమ్ మొదలవకుండా ఆపే ఏర్పాటు), 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ కావాలి. వీటితోపాటు ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచి మాత్రమే ఆ జాబితాలో చోటు దొరికింది.

ముందు బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్లి చూడండి. ప్రాసెసర్ సరిపోయేదే అయినా టీపీఎం ఆపేసి ఉండవచ్చు. ఇంటెల్ బోర్డుల్లో అది పీటీటీ అనే పేరుతో, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది. ఆన్ చేస్తే చాలు, సమస్య అక్కడికక్కడే తీరిపోతుంది.

ప్రాసెసరే జాబితాలో లేకపోతే తనిఖీని తప్పించి ఎక్కించే పద్ధతులు ఉన్నాయి. ఇంట్లో ఇతరులు వాడే కంప్యూటర్‌కు నేను వాటిని సూచించను. అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. పైగా 2024లో వచ్చిన 24హెచ్2 అనే విడుదల నుంచి, కొన్ని ఆదేశాలు తెలియని మరీ పాత ప్రాసెసర్ల మీద విండోస్ 11 అసలు మొదలే కాదు. విండోస్ 10 మీదే ఉండాల్సిన అవసరం ఉంటే, వ్యక్తిగత వాడుకదారులకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ప్రకటించారు. దాన్ని మారడానికి దొరికిన గడువుగానే చూడండి.

మారేటప్పుడు నేను మొదట చూపించేది లినక్స్ మింట్. విండోస్‌కు అలవాటుపడిన చేతికి అందులో దాదాపు అన్నీ ఉండాల్సిన చోటే ఉంటాయి. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుందంటారు గానీ, హాయిగా వాడాలంటే 4 జీబీ కావాలి. మింట్ రకాల్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనేది కాస్త తేలిక. కంప్యూటర్ మీద చేసే పనంతా బ్రౌజర్‌లోనే అయితే గూగుల్‌వారి క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ కూడా మంచిదే. దానికి 4 జీబీ ర్యామ్, 16 జీబీ నిల్వ కావాలి. కానీ అందులో ఆండ్రాయిడ్ యాప్‌లు రావు. చాలామంది వేసుకున్నాక గానీ ఈ సంగతి తెలుసుకోరు.

సమస్య: తేలికైన సిస్టమ్ వేసినా, బ్రౌజర్ తెరవగానే మళ్లీ కదలదు

చాలామంది ఇక్కడే నిరుత్సాహపడి మళ్లీ ఇంకో సిస్టమ్ వెతుకుతారు, వారం తర్వాత ఇంకొకటి. ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి 300 ఎంబీ తీసుకుంటుంది, ఇంకొకటి 800 ఎంబీ తీసుకుంటుంది. ఆ అరజీబీ తేడా కోసం ఎంతో వెతుకులాట. తీరా బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే అదొక్కటే రెండు జీబీ దాకా పోతుంది. ఈనాటి వెబ్ పేజీల బరువు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా తగ్గదు.

అందుకే వీలైతే ర్యామ్ పెంచండి. 4 జీబీ ఉన్నచోట 8 జీబీ చేస్తే మళ్లీ సిస్టమ్ మార్చాలన్న ఆలోచనే రాదు. పెంచే వీలు లేకపోతే జీర్యామ్ ఆన్ చేయండి. ర్యామ్‌లోనే సమాచారాన్ని కుదించి దాచే ఏర్పాటు అది. ప్రకటనలను ఆపే పొడిగింపు ఒకటి పెట్టి, ఒకేసారి తెరిచే ట్యాబులు తగ్గించండి. 2 జీబీకే పరిమితమైన యంత్రానికి లుబుంటు, యాంటిఎక్స్, పప్పీ లాంటి తేలికైన లినక్స్ రకాలు నప్పుతాయి. రాసుకోవడానికి, పాటలు వినడానికి, ఒకటి రెండు పేజీలు చదవడానికి చక్కగా పనికొస్తుంది. అంతకుమించి దాని నుంచి ఆశించకండి.

సమస్య: 64 బిట్ ప్రాసెసర్ కావాలంటూ ఇన్‌స్టాలేషన్ మొదట్లోనే ఆగిపోయింది

32 బిట్ అంటే పాత తరం ప్రాసెసర్ రకం, 64 బిట్ ఇప్పటిది. ప్రాసెసర్ నిజంగా 32 బిట్‌దా, లేక 64 బిట్ ప్రాసెసర్ మీద ఎవరో 32 బిట్ విండోస్ వేశారా అన్నది ముందే తెలుసుకుంటే మంచిది. విండోస్ సెట్టింగుల్లో సిస్టమ్ వివరాల దగ్గర రెండూ విడివిడిగా రాసి ఉంటాయి. 32 బిట్ విండోస్ నడుస్తున్నా 'ఎక్స్64 ఆధారిత ప్రాసెసర్' అని ఉంటే నిశ్చింతగా 64 బిట్ సిస్టమ్ వేసుకోవచ్చు.

ప్రాసెసరే 32 బిట్‌దైతే దారులు మూసుకుపోతున్నాయి. లినక్స్ మింట్ 2020లో, 20వ విడుదలతో, ప్రధాన శాఖలో 32 బిట్ మానేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్‌లో 32 బిట్ పీసీల కోసం ఇన్‌స్టాలరే లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా 145వ విడుదల నుంచి 32 బిట్ లినక్స్‌ను వదిలేసింది. యాంటిఎక్స్ లాంటివి ఇంకా కొంతకాలం నడిపిస్తాయి. కానీ ఆ కంప్యూటర్‌లో బ్యాంకు ఖాతా మాత్రం తెరవకండి. ఇది గట్టిగా చెబుతున్నాను.

సమస్య: పెన్‌డ్రైవ్ పెట్టినా దాని నుంచి మొదలవడం లేదు

ఐఎస్ఓ ఫైలును, అంటే ఇంటర్నెట్ నుంచి దించుకున్న సిస్టమ్ మొత్తం ఉన్న ఫైలును, మామూలు ఫైలులా పెన్‌డ్రైవ్‌లోకి లాగి వదిలితే అది బూట్ కాదు. రూఫస్ లేదా బలేనా ఎచర్ అనే ప్రోగ్రాంతో రాయాలి. రాసే ముందు ఫైలు షా256 విలువ (ఫైలు పూర్తిగా, మారకుండా దిగిందని తేల్చే సంఖ్య) వెబ్‌సైటులో ఇచ్చినదానితో సరిపోయిందో లేదో చూడండి. సగం దిగిన ఫైలు పెట్టే తిప్పలు మామూలువి కావు. ఆన్ చేయగానే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్‌లలో ఏదో ఒకటి బూట్ పట్టికను చూపిస్తుంది. తయారీదారును బట్టి మీట మారుతుంది.

మొదలై నల్ల తెర దగ్గర నిలిచిపోతే చాలాసార్లు అది గ్రాఫిక్స్ డ్రైవర్ సమస్య. మింట్ బూట్ పట్టికలో 'కంపాటిబిలిటీ మోడ్' ఎంచుకోండి. వైఫై కనబడకపోతే, ముఖ్యంగా బ్రాడ్‌కామ్ కార్డులతో, ఫోనును కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ద్వారా ఇంటర్నెట్ ఇవ్వండి. ఆ తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావలసిన డ్రైవరును అదే చూపిస్తుంది. అందుకే ఇన్‌స్టాల్ చేసే ముందు పెన్‌డ్రైవ్ మీదే ఒక గంట నడిపి వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటరు, మూత వేసి తెరిస్తే మేలుకోవడం, అన్నీ చూడండి. అక్కడ పనిచేయనిది ఇన్‌స్టాల్ చేశాక దానంతటది బాగవుతుందని అనుకోకండి.

సమస్య: కొత్త సిస్టమ్ వేశాక ఏ వెబ్‌సైటు తెరిచినా 'సురక్షితం కాదు' అంటోంది

తేదీ చూడండి. ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. ఎక్కువ డెస్క్‌టాప్‌లలో అది 3 వోల్టుల సీఆర్2032. తేదీ తప్పైతే వెబ్‌సైట్ల ధ్రువపత్రాలు ఇంకా అమల్లోకి రానట్టో, గడువు తీరినట్టో కనబడతాయి. బిళ్ల మార్చి తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకుంటాయి. విండోస్, లినక్స్ రెండూ పక్కపక్కనే పెట్టుకున్నప్పుడు గడియారం కొన్ని గంటలు అటూ ఇటూ అయితే కారణం వేరు: లినక్స్ ఆ గడియారంలో అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ స్థానిక సమయం రాస్తుంది.

సమస్య: పాత తెలుగు పత్రాలు తెరిస్తే అర్థంలేని గుర్తులు

అన్ని కంప్యూటర్లలో ఒకేలా కనబడే అక్షరాల పద్ధతి యూనికోడ్. అది రాకముందు పద్ధతిలో టైపు చేసిన పత్రాలవి. వాటి అక్షరాలు ఆ ఫాంటులోనే ఉంటాయి, ఫైలులో ఉండవు. విండోస్ తుడిచేయకముందే ఆ ఫాంటు ఫైళ్లను కూడా కాపీ చేసుకోండి. ఆ పాత సిస్టమ్ ఇంకా నడుస్తున్నప్పుడే ముఖ్యమైన పత్రాలను ఒక్కొక్కటిగా పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. యూనికోడ్ తెలుగుకు ఈ బెంగ లేదు. నోటో ఫాంటు ఉంటే లినక్స్‌లో చక్కగా కనబడుతుంది, ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంలో తెలుగు కీబోర్డు చేర్చుకుంటే ఎప్పటిలాగే టైపు చేసుకోవచ్చు.