బొమ్మ అమ్ముడైన నెలలో చదువు అప్పు

చిత్రకారులకు రాబడి నెలనెలా ఒకేలా ఉండదు, చదువు అప్పు వాయిదా మాత్రం తేదీ తప్పదు. అందుకే వచ్చిన సొమ్మంతా ముందు విడి ఖాతాలో వేయండి. గడిచిన 12 నెలల్లో బాగా తక్కువ వచ్చిన మూడు నెలల సగటు చూసి, అంతే మొత్తాన్ని ప్రతి నెలా జీతంలా ఇంటి ఖాతాకు మార్చుకోండి. రంగులకు, పన్నుకు అయ్యే సొమ్మును విడి ఖాతాలోనే ఉంచండి, వేరే ఖర్చులకు కదల్చకండి. అది మీది కాదనుకోవడమే మేలు.

కొన్ని వాయిదాలకు సరిపడా నిల్వ చేరాక, మిగులును అన్నిటికంటే ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుకు కట్టండి. కట్టేటప్పుడు ‘అసలుకు జమ చేయండి’ అని రాతపూర్వకంగా అడగండి. అడగకపోతే కొన్నిచోట్ల దాన్ని రాబోయే వాయిదా కింద పక్కన పెడతారు, అసలు మొత్తం తగ్గదు. మరుసటి నెల లెక్క తెప్పించుకుని సరిచూడండి.