పిల్లల సేద్యం – 3వ పాఠం: నారుమడికి నీళ్ళు ఎప్పుడు పోయకూడదు?

పోయిన పాఠంలో టమాట, వంగ, మిరప గింజలు వరుసల్లో వేసి, పైన పల్చగా గడ్డి కప్పాం. టమాట వారం లోపే మొలుస్తుంది. మిరపకు పది రోజులు పట్టినా టెన్షన్ పడొద్దు. మొలకలు కనిపించగానే సాయంత్రం పూట గడ్డి తీసేయండి, లేకపోతే నారు పాలిపోయి సన్నగా సాగుతుంది.

ఇక ఈ వారం పని. పిల్లల చేతికి మగ్గు ఇస్తే మడి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా పోసేస్తారు. నీళ్ళు చాలక పోయే నారు కంటే ఎక్కువై పోయే నారే ఎక్కువ. చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు కూరగాయల రైతులు మడిని ఎత్తుగా కట్టేది నీళ్ళు నిలవకూడదనే. మన మేడ మీది ట్రేకైతే అడుగున చిల్లులు ఉండి తీరాలి.

ఎర్రమట్టి పైపొర మన ఎండకు తొందరగా ఆరి తెల్లబడుతుంది. లోపల మాత్రం తడే. అందుకే కంటిని నమ్మొద్దని చెప్పండి. పొద్దున్నే చూపుడు వేలు మొదటి కణుపు దాకా వరుసల మధ్య గుచ్చి చూడాలి. తడి మట్టి అంటుకుంటే ఆ పూట నీళ్ళు లేవు. పొడిగా రాలిపోతేనే పోయాలి. అదీ మూతకు సన్న చిల్లులు పెట్టిన సీసాతో. చిల్లులు పెద్దవాళ్ళే పెట్టండి.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందుకు జనం బారులు తీరే రోజులు. మబ్బు పట్టి గాలి చల్లబడితే, మేలో రెండు పూటలా తాగిన మడికి రోజు విడిచి రోజు కూడా సరిపోవచ్చు. నారుకుళ్ళు వచ్చేదీ ఇప్పుడే. నిన్న నిలబడ్డ మొక్కలు ఒకేచోట ఒరిగిపోయి ఉంటాయి. ఒకటి పీకి పిల్లవాడి అరచేతిలో పెట్టండి. ఆకు పచ్చగానే ఉంటుంది, మట్టిని ఆనుకున్న చోట కాడ మెత్తబడి దారంలా ఉంటుంది. పితియం లాంటి సూక్ష్మజీవుల పని అది. పడిపోయినవాటిని చుట్టూ మట్టితో సహా తీసి పారేయండి, వేరే కుండీల్లో కలపొద్దు. నీళ్ళు తగ్గించి, ట్రేను గాలి తగిలేచోట పెట్టి, ఒత్తుగా ఉన్నచోట నారు పలచన చేయండి.

పెద్దవాళ్ళకు ఒక మాట. బడులు తెరిచాక పిల్లవాడు మర్చిపోయి బస్సెక్కితే, చాటుగా మీరు పోయకండి. అమ్మ పోసేస్తుందని తెలిస్తే రేపటి నుంచి వాడు వేలే పెట్టడు. ఒక వరుస ఎండితే ఎండనివ్వండి, గింజలు మళ్ళీ దొరుకుతాయి. వీకెండ్‌లో ఫామ్‌కు తీసుకెళ్ళి బురదలో ఫొటోలు తీయించడం సరదాకు బాగానే ఉంటుంది కానీ, సోమవారం పొద్దున ఆ మొక్కకు నీళ్ళు పోసేది ఇంకెవరో.

ఈ వారం నోట్‌బుక్‌లో పిల్లవాడే రాయాలి: తేదీ, వేలికి తడి తగిలిందా, నీళ్ళు పోశాడా.

టమాట నారు 25–30 రోజులకు నాలుగైదు ఆకులతో నాటుకు వస్తుంది. వచ్చే పాఠానికి పన్నెండు అంగుళాల కుండీలు, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు సిద్ధం చేసుకోండి. పచ్చి పేడ వద్దు.